'ఛారిటీ', 'లవ్' – భేదమేమి?

(శతవార్షికోత్సవముల సందర్భముగా నందిగామ, జగ్గయ్యపేట ప్రాంత సంఘముల ఉమ్మడి కూటములో చేసిన ప్రసంగ పాఠము)

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 13వ అధ్యాయము



ఈ నూరేండ్ల పండుగలో సంఘ చరిత్ర చెప్పుటకు మాకంటె పెద్దలున్నారు. మాకిచ్చిన కొద్ది సమయములో మేము రెండు ఇంగ్లీషు మాటలను గూర్చి మాట్లాడదలచినాము. "నూరేండ్ల పండుగలో ఇంగ్లీషు పాఠమేమిటయ్యా!" అని కొందరు అనుకొనవచ్చును. కొంచెము ఓర్చుకొనండి. పాఠము ఇంగ్లీషుదే గాని దాని పరీక్ష మన పల్లెలలోనే జరుగుచున్నది.

పెండ్లిలో వచ్చిన ప్రశ్న

కొంతకాలము క్రిందట నందిగామకు దగ్గరలోని ఒక పల్లెలో పెండ్లి చేయించుటకు వెళ్లినాము. పెండ్లికుమారుని తరఫువారు హైదరాబాదు నుండి వచ్చినందున తెలుగుతోపాటు ఇంగ్లీషులో కూడ ఒక వాక్యభాగము చదివించమని కోరినారు. పెండ్లికుమార్తె తాతగారు రిటైరైన ఉపాధ్యాయులు. ఆయన అట్టలూడిన తన పాత ఇంగ్లీషు బైబిలు తెరచి, మొదటి కొరింథీ పత్రిక పదమూడవ అధ్యాయమును గంభీరముగా చదివినారు. 1611లో ఇంగ్లండులో వెలువడిన జేమ్సు రాజు తర్జుమా అది. ఆయన చదివినంతసేపును 'ఛారిటీ', 'ఛారిటీ' అను మాటయే మా చెవులలో మ్రోగినది. ఆ అధ్యాయములో ఆ తర్జుమా ఆ మాటను తొమ్మిదిసార్లు వాడినది.

భోజనములైన తరువాత పెండ్లికుమార్తె చెల్లెలు, డిగ్రీ చదువుచున్న పిల్ల, తన బైబిలు పట్టుకొని మా యొద్దకు వచ్చినది. "అయ్యగారూ, తాతయ్య చదివిందాంట్లో ఛారిటీ అని ఉంది. నా దాంట్లో అదే చోట లవ్ అని ఉంది. రెండూ ఒకటేనా? ఒకటే అయితే మార్చటం ఎందుకు? వేరైతే ఏది నిజం?" అని అడిగినది.

మేము తాంబూలము నములుచు, "పాత ఇంగ్లీషమ్మా అది. రెండూ ఒకటే" అని సమాధానము చెప్పి లేచినాము. తిరుగుదారిలో బండిమీద వచ్చుచుండగా మా మనస్సు కుదుటపడలేదు. మేము చదివిన వేదాంత కళాశాలలో గ్రీకు నేర్పిన గురువులు ఇట్టి జవాబు విన్నయెడల మార్కులు వేసియుండరు. పిల్ల అడిగిన ప్రశ్న మంచిది. మా జవాబు సోమరిది. ఆ అప్పు ఈ దినము మీ అందరి యెదుట తీర్చుకొనుచున్నాము.

మూలములో ఒక్కటే మాట

పౌలు గ్రీకు భాషలో వ్రాసిన మాట 'అగాపే'. అక్కడ రెండు మాటలు లేవు, ఒక్కటే. లతీను భాషలోని బైబిలులో ఇచ్చట 'కారితాస్' అను మాట ఉన్నది. ఇంగ్లీషువారి 'ఛారిటీ' ఈ లతీను మాటకు మనుమరాలు.

ఈ కారితాస్ 'కారుస్' అను మాట నుండి పుట్టినది. కారుస్ అంటే ఏమిటో చెప్పుటకు ఇంగ్లీషుకంటె మన తెలుగే సులువు. జగ్గయ్యపేట బజారులో ఎండుమిరప ధర పెరిగినప్పుడు "సరుకు ప్రియమైంది" అందుము. అదే నోటితో బిడ్డను ఎత్తుకొని "ప్రియమైన బిడ్డ" అందుము. వెల హెచ్చినదియు ప్రియమే, మనస్సునకు ఇష్టమైనదియు ప్రియమే. లతీనువారి కారుస్ సరిగా ఇట్టిదే. కనుక కారితాస్ అనగా ఎదుటి మనుష్యుని చవుకగా చూడక ప్రియముగా ఎంచుట, వాని విలువ గుర్తెరుగుట. మనము వెలపెట్టి కొనబడినవారమని ఇదే పత్రికలో పౌలు రెండు పర్యాయములు జ్ఞాపకము చేసినాడు (6:20, 7:23). మనలను దేవుడు అంత ప్రియముగా ఎంచినాడు.

కాబట్టి పుట్టుకలో ఛారిటీ అను మాటకు ఏ లోపమును లేదు. పదునాలుగవ శతాబ్దములో విక్లిఫ్ అనుచరులు లతీను నుండి బైబిలును ఇంగ్లీషు చేసినప్పుడు సహజముగా ఆ మాటనే ఉంచినారు. 1526లో విలియము టిండేలు లతీను దారిన పోక గ్రీకు మూలము నుండియే క్రొత్త నిబంధనను తర్జుమా చేసినాడు. ఆయన ఛారిటీని తీసివేసి 'లవ్' అని వ్రాసినాడు.

ఒక్క మాట మార్చినందుకు పెద్ద కలహమే రేగినది. 1529లో థామస్ మోర్ అను మహా పండితుడు టిండేలును ఖండించుచు ఒక గ్రంథము వ్రాసినాడు. లవ్ అను మాట మంచి ప్రేమకును చెడ్డ ప్రేమకును సమానముగా చెల్లును గనుక పరిశుద్ధమైన ప్రేమకు ఛారిటీ అను ప్రత్యేకమైన మాట ఉండవలెనని ఆయన వాదన. అది కొట్టివేయదగిన వాదన కాదు. మన తెలుగులో పౌలు మాటకు 'ప్రేమ' అనియే ఉన్నది. అయినను ప్రసంగ పీఠము నుండి ఆ మాట పలుకగానే వెనుక బెంచీలలోని యవ్వనస్థులు తల వంచుకొని ముసిముసిగా నవ్వుట మేము చూచుచునే యున్నాము. వారి తప్పు కాదు. సినిమా గోడపత్రికలమీద ఆ మాట చూచి చూచి దాని బరువు తగ్గిపోయినది.

టిండేలు జవాబు వేరు. సామాన్యుల నోట ఛారిటీ అను మాట బిచ్చము వేయుట, ఓర్చుకొనుట మొదలగు అర్థములకు చెదరిపోయినదనియు, అగాపేకు అది సరిపోదనియు ఆయన తలంపు. పొలములో దున్నువానికి సహా లేఖనము అర్థము కావలెనని ఆయన ఆశ. 1536లో బెల్జియము దేశములో ఆయనను గొంతు బిగించి చంపి దహించినారు. మాటలు ఎన్నుకొనుట ఆ దినములలో ప్రాణముతో పని.

1611 నాటి పండితులు ఈ అధ్యాయములో మరల ఛారిటీని తెచ్చి పెట్టినారు. అయితే దేవుడు ప్రేమాస్వరూపియని యోహాను వ్రాసినచోట అదే గ్రీకు మాటకు వారే లవ్ అని వ్రాసినారు. ఒక్క మాటకు రెండు చొక్కాలు తొడిగినారన్న మాట. 1881లో సవరించిన క్రొత్త నిబంధనలో ఇచ్చటకూడ లవ్ వచ్చినది. 1982లో జేమ్సు రాజు తర్జుమానే నవీకరించినవారు సహితము లవ్ అనియే వ్రాసినారు. తాతగారి బైబిలునకును మనుమరాలి బైబిలునకును గల భేదమునకు చరిత్ర ఇది.

మాట చిక్కిపోయిన విధము

మరి ఛారిటీకి ఏమైనది? మనుష్యులవలె మాటలును చిక్కిపోవును. హృదయములో ఉండవలసిన గుణమునకు పేరైన మాట క్రమముగా చేతిలోని పైసకు పేరైనది. జేమ్సు రాజు తర్జుమాకు పదేండ్ల ముందే, 1601లో, ఇంగ్లండులో ఛారిటీ సొమ్ము దుర్వినియోగము కాకుండ చట్టము చేసినారు. చట్టము సొమ్మును కాపాడగలదు. సొమ్ము ఇచ్చువాని మనస్సును ఏ చట్టము తనిఖీ చేయగలదు? మన దేశములోను 1890 నుండి ఛారిటీ నిధుల చట్టము కలదు. నేడు ఛారిటీ అనగానే మనకు తోచునవి ట్రస్టు, రశీదు పుస్తకము, ఆడిటు, ఆదాయపు పన్ను మినహాయింపు. అవి అవసరమే. కాని వాటిలో ఏదియు అగాపే కాదు. ఇంగ్లీషువారే తమ సామెతలో మిక్కిలి చల్లని దానిని ఛారిటీతో పోల్చినారు. వేడిగా పుట్టిన మాట చివరకు అంత చల్లబడినది.

ఇప్పుడు మన అధ్యాయములోని మూడవ వచనము చూడండి. తన ఆస్తి యంతయు బీదల పోషణకు ఇచ్చివేసినను, తన శరీరమునే అప్పగించినను, అగాపే లేనియెడల ప్రయోజనము లేదని పౌలు భావము. దీనిని నేటి అర్థములో ఛారిటీ అని చదివినయెడల ఏమగును? ఉన్నదంతయు ఛారిటీ చేసినను ఛారిటీ లేనియెడల వ్యర్థమని అగును! వాక్యమే తలక్రిందులగును. ఉన్నదంతయు ఇచ్చియు ప్రేమ లేకయుండుట సాధ్యమేయని పౌలు ఎరుగును. అందుకే ఆ మాట వ్రాసినాడు. ఆ పిల్ల ప్రశ్నకు మేము చెప్పవలసిన జవాబు ఇదే: "అమ్మా, ఒకప్పుడు రెండును ఒకటే. ఇప్పుడు కావు. కానందుననే మార్చవలసి వచ్చినది."

ధనంబోడు చక్రవర్తి

భేదమును కన్నులకు చూపుటకు మన జగ్గయ్యపేటలోనే ఒక బొమ్మ దొరికినది. ఊరి దగ్గర ధనంబోడు అను గుట్టమీద పూర్వకాలపు బౌద్ధ స్తూపమున్నదని మీకు తెలుసును. 1882లో బర్జెస్ అను దొరగారు దానిని త్రవ్వించినారు. అక్కడి సున్నపురాతి పలకలలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. రెండువేల యేండ్ల నాటిదని పండితులందురు. దానిమీద ఒక చక్రవర్తి నిలిచియున్నాడు. ఆయన మాంధాతయని చెప్పుదురు. ఆయన చేయి పైకెత్తగా మేఘముల నుండి చదరపు నాణెములు వర్షమువలె రాలుచుండును. చుట్టును రాణి, మంత్రి, ఏనుగు, గుఱ్ఱము, చక్రము. నేడది చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్నది.

శిల్పము అందమైనది. ఆ శిల్పిని మేము తప్పుపట్టుట లేదు. కాని ఆ నాణెములు క్రింద ఎవరి చేతిలో పడుచున్నవో ఆ పలకలో కనబడదు. ఇచ్చువాని చేయి కనబడును, ఇచ్చిన సొమ్ము కనబడును, పుచ్చుకొనువాని ముఖము కనబడదు. నేటి అర్థములో ఛారిటీకి ఇంతకంటె మంచి పటము మాకు తోచలేదు.

అదే స్తూపము వద్ద మూడవ శతాబ్దపు శాసనములు గలవు. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలములో సిద్ధార్థుడను ఒక పనివాడు అయిదు స్తంభములను దానము చేసినట్లు వాటిమీద చెక్కియున్నది. అనగా దాత పేరు చెక్కించుట మన ఊరిలో పదిహేడు వందల యేండ్ల నాటి అలవాటు. మన గుడిలో పంకా రెక్కలమీద దాతల పేర్లు వ్రాయించినామని ఎవరును నవ్వనక్కరలేదు. అయితే స్విచ్చి వేయగానే ఆ రెక్కలు తిరుగును, పేరు కనబడదు, గాలి మాత్రము అందరికి తగులును. ప్రభువు కొండమీది ప్రసంగములో రహస్య ధర్మమును గూర్చి చెప్పినది ఇట్లే గదా!

ఎడిన్‌బరోలో వినిపించిన మాట

ఈ రెండు మాటల భేదమును ప్రపంచమంతటి యెదుట ఎత్తిచూపినవాడు మనకు పరాయివాడు కాడు. ఆయన అజరయ్య అయ్యగారు. 1874లో తిరునల్వేలి జిల్లాలో పుట్టి, 1909లో దోర్నకల్‌లో మిషనరీగా పని మొదలుపెట్టి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రలులో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషపు అయినారు. మొదట చిన్నదిగా నుండిన దోర్నకల్ డయోసీసులో తరువాత సి.ఎం.ఎస్. తెలుగు ప్రాంతములును చేరినవి. 1945 జనవరి 1న మరణించువరకు ఆయనయే దానికి బిషపు.

బిషపు కాకమునుపు, 1910 జూన్ నెలలో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా సంఘములవారు ఇరువదికి మించరు. అజరయ్యగారికి అప్పటికి ముప్పది అయిదేండ్లు. విదేశ సేవకులును స్వదేశ సేవకులును కలిసి పనిచేయుటను గూర్చి ఆయనను మాట్లాడమన్నారు. ఆయన మృదువుగా మొదలుపెట్టి కఠినమైన సత్యము చెప్పినారు. మిషనరీకిని భారతీయ సేవకునికిని మధ్య స్నేహము లేదని, ఒకే పనిలో ఉండియు ఒకరింట ఒకరు కూర్చుండి భోజనము చేయుట అరుదని వివరించినారు. చివరకు ఈ పదమూడవ అధ్యాయపు మూడవ వచనమునే చేతబట్టినారు. మీరు మా బీదలకొరకు సొత్తు ధారపోసినారు, దేహములను సహితము అర్పించినారు, దానికి భారత సంఘము మీకు కృతజ్ఞత చెల్లించును, కాని మేము ప్రేమను కూడ అడుగుచున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అను భావముతో ముగించినారు.

సభలో కొందరికి అది రుచించలేదు. వారు ఇచ్చినది తక్కువా? బడులు, ఆస్పత్రులు, కరువు కాలములో గంజి కేంద్రములు, ఇక్కడనే సమాధియైన తమ పసిబిడ్డలు! అదంతయు నిజము. అజరయ్యగారు దానిలో ఒక్కటియు తీసివేయలేదు. అయినను ఆయన అడిగిన మాట ఏదో గమనించండి. ఆయన ఎరిగిన ఇంగ్లీషు బైబిళ్లలో రెండు మాటలును ఉండెను. ఆయన ఛారిటీ అడుగలేదు, లవ్ అడిగినారు. ఛారిటీ అడిగియున్నయెడల ఆ సభవారు సంతోషముగా చందా పట్టీ తీసియుందురు. లవ్ అడిగినందున వారు తమ భోజనపు బల్ల తట్టు చూచుకొనవలసి వచ్చినది.

ఈ మాట వినినప్పుడెల్ల మాకు మన మెట్ట ప్రాంతపు రాఘవాపురము జ్ఞాపకము వచ్చును. 1859లో అక్కడి మాలపల్లె పెద్దయైన పగోలు వెంకయ్యగారు దేవుని వెదకుచు తానే డార్లింగ్ దొరగారి యొద్దకు వెళ్లినారు. సి.ఎం.ఎస్. తెలుగు మిషనులో మాలలనుండి గుంపులుగా సంఘములోనికి వచ్చుట అక్కడనే ఆరంభమైనది. మనము గంజికొరకు క్రైస్తవులమైతిమని హేళన చేయువారికి వెంకయ్యగారు చాలిన జవాబు. ఆయన అడిగినది బియ్యము కాదు. నన్నెరిగిన దేవుడెవడని అడిగినారు.

మా తప్పు

ఇంతవరకు మిషనరీలను గూర్చి చెప్పుట సులువు. వారు వెళ్లిపోయి చాలకాలమైనది. ఇప్పుడు దొరల స్థానములో కూర్చున్నది మనమే. ఒక సంగతి మా పనిలోనిదే చెప్పుదుము.

కొన్ని యేండ్ల క్రిందట క్రిస్మసు ముందు, విదేశములో ఉద్యోగము చేయుచున్న ఒక సంఘస్థుడు విధవరాండ్రకు చీరలిమ్మని సొమ్ము పంపినాడు. మంచి మనస్సుతో పంపినాడు. మేము నలుబది చీరలు కొని, గుడి ముందర ఫ్లెక్సీ కట్టించి, దానిమీద 'ఛారిటీ కార్యక్రమము' అని పెద్ద అక్షరములతో వ్రాయించినాము. పెద్దమ్మలను ఎండలో వరుసగా నిలువబెట్టినాము. చీర ఇచ్చునప్పుడెల్ల ఫొటో తీయించినాము. ఒకామె కెమెరా తట్టు చూడనందున చీర తిరిగి పుచ్చుకొని మరల ఇచ్చినాము. ఇప్పుడు చెప్పుటకు సిగ్గగుచున్నది.

ఆమెయే చీర చంకన పెట్టుకొని, "అయ్యగారూ, ఫొటో బాగా వచ్చిందా? మా ఇంటికి మటుకు ఒకపాలి రారూ?" అన్నది. "వస్తామమ్మా" అన్నాము. మూడు నెలలు వెళ్లలేదు. మిరపకోతలు ముగియవచ్చిన దినములలో వెళ్లినాము. ఆమె చాప పరచి, మజ్జిగ ఇచ్చి, తన కొడుకు పోయిన సంగతి మొదటినుండి చివరకు చెప్పినది. ఆ కొడుకు సమాధి కార్యక్రమము చేసినది మేమే. వాని పేరు మేము మరచిపోయినాము. ఆమె అది కనిపెట్టినది గాని ఏమియు అనలేదు.

లేచి వచ్చునప్పుడు వంటయింటి మూలనున్న చిన్న కుండ కనబడినది. పిడికెడు బియ్యపు కుండ. పొయ్యి రాజేసినప్పుడెల్ల ఒక పిడికెడు తీసి అందులో వేసి, ఆదివారము గుడికి తెచ్చుట మన స్త్రీలకు అలవాటు గదా! ఎన్నాళ్ల నుండి వేయుచున్నావమ్మా అని అడిగినాము. "ముప్పై ఏళ్లయి ఉంటదయ్యా" అన్నది. ఆ బియ్యముతోనే మన ఉపదేశులు బ్రదికినారు, మా జీతములోను దాని పాలు కలదు. మేమిచ్చినది ఒక చీర. ఆమె ఇచ్చినది ముప్పది యేండ్ల బియ్యము. ఫొటో మాత్రము మాకు పడినది.

ఆ దినమున మాకు రెండు మాటల భేదము తెలిసినది. ఛారిటీకి ఆమె ఒక సంఖ్య, నలుబదిలో ఒకతె. ప్రేమకు ఆమె ఒక పేరు, ఒక ఇల్లు, ఒక పోయిన కొడుకు. ఛారిటీ ఆమెను గుడి యొద్దకు రమ్మన్నది. ప్రేమ ఆమె గుమ్మము దాటి లోపలికి పోవలసియుండెను.

ప్రభువు బల్ల దిగిన తరువాత

ఇంకొక సంగతి కలదు. దాటవేయుటకు మనస్సొప్పలేదు. మన సంఘములలో మాలపల్లె, మాదిగపల్లె అను రెండు పేటలవారును గలరు. అందరమును ఒకే బల్ల యొద్ద మోకరించి ఒకే పాత్రలోనిది పుచ్చుకొందుము. అది అబద్ధము కాదు, ఆశీర్వాదమే. కాని బల్ల దిగిన తరువాత?

మేమెరిగిన ఒక పల్లెలో ఒక పేటలో పూరిల్లు కాలిపోయినది. రెండవ పేటవారు ఆ రాత్రియే బియ్యము, గిన్నెలు, దుప్పట్లు మోసికొని వచ్చినారు. మేము దేవుని స్తుతించినాము. ఆరు నెలలకు ఆ రెండవ పేటలో పెండ్లి జరిగినది. ఇల్లు కాలినవారికి పిలుపు లేదు. మేము అడుగగా ఒక పెద్ద, "అప్పుడు ఇచ్చాం గదండీ!" అన్నాడు. ఇచ్చినారు, నిజమే. గిన్నెలు ఇచ్చినారు. ఆ గిన్నెలలో వండినది కలిసి తినుటకు మాత్రము పిలువలేదు.

అజరయ్యగారు 1910లో తెల్లవారి బల్లను గూర్చి అడిగిన ప్రశ్న ఇదే గదా? నాడు మన పక్షమున అడిగిన ప్రశ్న నేడు మన తట్టు తిరిగినది. నూరేండ్ల పండుగకు మనము ఎన్ని తోరణములు కట్టినను ఈ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు.

అయితే ఛారిటీ వద్దా?

ఇది విని "ఇక చీరలు పంచనక్కరలేదు, చందా ఇయ్యనక్కరలేదు, ప్రేమ ఉంటే చాలును" అని ఎవరైన సంతోషించిన యెడల వారికొక మాట. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదువండి. ఆకలిగొన్నవానిని చల్లని మాటతో సాగనంపి చేయి ముడుచుకొనువానిని ఆయన విడిచిపెట్టలేదు. యోహాను తన మొదటి పత్రిక మూడవ అధ్యాయములో ఇంకను గట్టిగా అడుగును. చేతులు లేని ప్రేమ అబద్ధము. ప్రేమ లేని చేతులు అవమానము.

2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరము వద్ద హైదరాబాదు రోడ్డు మునిగినది మీరందరు చూచినారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు డ్రోనులతో ఆహార పొట్లములు దించినారు. చక్రవర్తి నాణెములవలె పొట్లములు ఆకాశము నుండి దిగినవి! దానిని మేము ఎగతాళి చేయము. నీళ్లలో చిక్కినవానికి పొట్లమే ప్రాణము. మూడు దినములు ఆకలితోనున్నవాడు పంపినవాని హృదయమును పరీక్షింపడు. అయితే నీళ్లు తీసిన తరువాత బురద ఎత్తుటకు, తడిసిన పుస్తకములు ఎండబెట్టుటకు, బెదరిన ముసలివారి ప్రక్కన కూర్చుండుటకు ఆకాశము నుండి ఏదియు దిగదు. దానికి మనిషి నడచి పోవలెను.

మన ప్రభువును చూడండి. ఆయన పరలోకము నుండి నాణెములు రాల్చలేదు. తానే దిగి వచ్చినాడు. జక్కయ్య యింట బస చేసినాడు, సమరయ స్త్రీని దాహమడిగినాడు. ఇచ్చుటకు వచ్చినవాడు పుచ్చుకొనుటకు చేయి చాపినాడు. ఎదుటివాని చేతి నీళ్లు త్రాగనిదే వానికి స్నేహితుడవు కాలేవని ఆయన ఎరుగును. ఛారిటీకి ఇచ్చుట మాత్రమే తెలియును. ప్రేమకు పుచ్చుకొనుట కూడ తెలియును.

మా మనవి

ప్రియులారా, ఈ శతవార్షికోత్సవమునకు మన సంఘములు దాన కార్యక్రమములు అనేకము తలపెట్టినవి. వాటిని మానవద్దు. మూడు చిన్న మార్పులు మాత్రము చేయుదమని మా మనవి.

మొదటిది, పంక్తులు వద్దు. ఇయ్యదలచినది ఏదైనను ఇంటికి తీసికొనిపోయి, కూర్చుండి, పేరు అడిగి ఇయ్యవలెను. నలుబది ఇండ్లు ఒక దినములో కావు. నలుబది దినములు పట్టనిండు.

రెండవది, ఫొటోలు వద్దు. లెక్కలకు రశీదు చాలును. ఆడిటరుగారికి సంతకము కావలెను గాని పెద్దమ్మ ముఖము అక్కరలేదు.

మూడవది కష్టమైనది. ఈ సంవత్సరములో ప్రతి కుటుంబమును రెండవ పేటలోని ఒక కుటుంబముతో ఒక పూట కలిసి భోజనము చేయవలెను. ఒకసారి వారింట, ఒకసారి మీ యింట. కూర ఏమైనను సరే. ఈ మనవి ఇతరులకు చేయకముందు మేమును మా యింటివారమును ఆరంభించినాము.

ఇవి చేయగలిగినయెడల వచ్చు నూరేండ్ల పండుగలో మన మునిమనుమలు మన పేర్లు ఏ పంకా రెక్కమీదను వెదకనక్కరలేదు. ఒకే పంక్తిని భోజనమునకు కూర్చున్న వారిని చూచిన చాలును.

ఆ డిగ్రీ చదువుచున్న పిల్ల ఈ కూటములో ఉన్నయెడల వినవలెనని ఇంకొక మాట. అమ్మా, నీ బైబిలులోని మాట సరియైనది. మీ తాతగారి బైబిలులోని మాటయు పుట్టుకలో ప్రియమైనదే, దానిని చవుక చేసినది మేము. ఆ పాత బైబిలును పారవేయవద్దు. దానిలో ఆ మాట కనబడినప్పుడెల్ల, అది ఎట్లు చిక్కిపోయినదో జ్ఞాపకము చేసికొనుము. క్రొత్త మాటను అట్లు చిక్కిపోనీయకుము.

మనలను వెలపెట్టి కొని, స్నేహితులని పిలిచిన ప్రభువు మన చేతులను తెరచి, వాటికంటె ముందు మన గుమ్మములను తెరచును గాక. ఆమేన్.